ప్రోస్టేట్ ఆపరేషన్ తర్వాత నాన్నగారికి సోడియం పడిపోయింది, ఉప్పు పెంచాలా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లె. మా నాన్నగారికి 68 ఏళ్ళు, కొబ్బరి తోట చూసుకుంటారు. బీపీ ఉంది. మూత్రం ఆగిపోతుంటే రెండు వారాల క్రితం ప్రోస్టేట్ ఆపరేషన్ చేయించాం. పైన కోత లేకుండా మూత్రనాళంలోంచి చేసేది. వెన్నుకి సూది ఇచ్చి చేశారు. మధ్యాహ్నం బాగానే మాట్లాడుతూ బయటికి వచ్చారు. సాయంత్రానికి ఒకటే విసుగు, పైపు పీకేస్తానని గొడవ. చీకటి పడ్డాక మా అమ్మని చూసి "ఎవరు నువ్వు" అన్నారు. మత్తు దిగుతోంది, పొద్దున్నకి సర్దుకుంటుంది అన్నారు వార్డులో. మేమూ అదే అనుకున్నాం. రాత్రి ఫిట్స్ వచ్చాయి. అప్పుడు పరీక్ష చేస్తే సోడియం 116 ఉంది. రెండు రోజులు ఐసీయూలో పెట్టి పెంచారు. ఇప్పుడు ఇంటికి తెచ్చాం. నీళ్ళు బాగా తాగమన్నారని రోజుకి ఐదారు లీటర్లు తాగుతున్నారు, తోటలోవే కదా అని కొబ్బరి బొండాలు కూడా. బీపీ అని ఉప్పు తగ్గించేశాం. నాలుగు రోజులుగా తల బరువు అంటున్నారు, అన్నం చూస్తే వికారం. నా ప్రశ్నలు ఇవి: ఉప్పు పెంచాలా? మెదడుకి ఏమైనా మిగిలిపోతుందా? ఇది డాక్టరు తప్పేనా? రెండు రోజులు బిల్లు కోసమే ఐసీయూలో ఉంచారని మా అన్నయ్య కంప్లైంట్ ఇస్తానంటున్నాడు. మా బాబాయికి కూడా ఇదే ఆపరేషన్ చెప్పారు, గ్రంథి 90 గ్రాములట, గుండెకి స్టెంట్ ఉంది. చేయించుకోమనాలా, వద్దనాలా?

సమాధానం: అమ్మా, మీ ప్రశ్నలన్నిటికంటే ముందు, మీరు మామూలుగా రాసేసిన ఒక మాట దగ్గర నేను ఆగాను. నాలుగు రోజులుగా తల బరువు, వికారం అన్నారు. ఐదారు లీటర్ల నీళ్ళు, పైన బొండాలు, ఉప్పు లేని కూడు, బీపీ మాత్ర. ఈ నాలుగూ ఒకచోట చేరితే సోడియం మళ్ళీ పడిపోవడానికి ఆపరేషన్ అక్కర్లేదు. ఇది చదివిన వెంటనే, ఈ రోజు కుదిరితే ఈ రోజే, రేపటికి వాయిదా వేయకుండా సీరం ఎలక్ట్రోలైట్స్ (రక్తంలో సోడియం, పొటాషియం ఎంతున్నాయో చెప్పేది), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది) పరీక్షలు చేయించండి. రాజోలులో కాకపోతే చించినాడ వంతెన దాటి పాలకొల్లులో చేయించండి. గంటల్లో రిపోర్టు వస్తుంది.

సోడియం మామూలుగా 135 నుంచి 145 మధ్య ఉండాలి. 130కీ 135కీ మధ్య వస్తే అదే రోజు డాక్టరుకి చూపించండి. 130 కంటే తక్కువ ఉంటే ఇంట్లో ఉంచకండి, ఆసుపత్రికి తీసుకెళ్ళండి. అంకె ఎంత ఉన్నా సరే, ఆయన మగతగా ఉన్నా, మాట తేడాగా ఉన్నా, వాంతులు ఆగకపోయినా రిపోర్టు కోసం కూడా ఎదురుచూడకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఫిట్స్ వస్తే 108కి ఫోన్ చేసి, ఆయన్ని ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టండి. నోట్లో నీళ్ళు గానీ, చెంచా గానీ పెట్టకండి.

డాక్టరు చూసేదాకా నీళ్ళు రోజు మొత్తానికి రెండు లీటర్లు దాటనివ్వకండి. మజ్జిగ, కాఫీ, చారు అన్నీ ఆ లెక్కలోవే. బొండాలు ఆపేయండి. కోనసీమలో పుట్టినవాళ్ళకి ఈ మాట కష్టంగా ఉంటుందని తెలుసు. జ్వరమొచ్చినా, నీరసమొచ్చినా ముందు మన చేతికొచ్చేది బొండామే. కానీ అందులో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. సోడియం పడిపోయిన మనిషికి అది లోటు తీర్చదు సరికదా, ఇంకో ఇన్ని నీళ్ళు లోపలికి పంపుతుంది. టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటి బీపీ మాత్రలు వాడేవాళ్ళకి పొటాషియం పెరిగే ప్రమాదం కూడా ఉంది. మీరు చేయించబోయే పరీక్షలోనే పొటాషియం అంకె కూడా ఉంటుంది, రెండూ చూపించండి.

ఆ బీపీ మాత్ర అట్ట కూడా పట్టుకెళ్ళండి. పేరు చివర హెచ్ అనో, సీటీ అనో ఉంటే అందులో చాలావరకు మూత్రం ఎక్కువ పోయేలా చేసే థయజైడ్ రకం మందు కలిసి ఉంటుంది. పెద్దవయసు వాళ్ళకి సోడియం తగ్గడానికి తరచూ కనిపించే కారణాల్లో అదొకటి. మీ అంతట మీరు ఆపేయకండి, బీపీ ఎగిరిపోతుంది. అది మార్చి వేరే మందు ఇవ్వొచ్చా అని అడగండి. రాత్రిళ్ళు మూత్రానికి లేవకుండా ఉండటానికి డెస్మోప్రెసిన్ మాత్ర ఎవరైనా రాసి ఉంటే ఆ సంగతి తప్పకుండా చెప్పండి, అది నీళ్ళని ఒంట్లో పట్టి ఉంచుతుంది. మానసిక ఆందోళనకి, ఫిట్స్‌కి ఇచ్చే మందుల్లోనూ కొన్ని ఇలాగే చేస్తాయి. అందుకని వాడుతున్న మందులన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్ళడమే మంచిది.

ఇప్పుడు ఆ రోజు ఏం జరిగిందో చెబుతాను. అది తెలిస్తే ఉప్పు ప్రశ్నకి జవాబు దానంతటదే వస్తుంది.

ఈ ఆపరేషన్‌ని టీయూఆర్‌పీ అంటారు. మూత్రనాళంలోంచి సన్నని గొట్టం పంపి, చివరనున్న తీగలో కరెంటు పెట్టి, పెరిగిన ప్రోస్టేట్‌ని లోపలి నుంచి ముక్కలు ముక్కలుగా గీస్తారు. గీసేటప్పుడు రక్తం అడ్డొస్తుంది కాబట్టి కళ్ళకి కనిపించేలా ఒక ద్రవం ఆగకుండా పారుతూ ఉండాలి. ఒక్క ఆపరేషన్‌కి పది, ఇరవై లీటర్లు పట్టడం మామూలే. పాత పద్ధతిలో, అంటే మోనోపోలార్ మిషన్‌లో, ఆ ద్రవం ఉప్పు సెలైన్ కాకూడదు. ఉప్పునీళ్ళలోంచి కరెంటు చెదిరిపోతుంది, తీగ కోయదు. అందుకని ఉప్పు లేని ద్రవం వాడతారు, ఎక్కువగా 1.5 శాతం గ్లైసిన్. గ్రంథిని గీస్తున్నప్పుడు అక్కడి సిరల నోళ్ళు తెరుచుకుంటాయి. ఆ నోళ్ళలోంచి ఈ ద్రవం కొంత నేరుగా రక్తంలోకి పోతుంది. కొంచెమైతే కిడ్నీలు బయటికి పంపేస్తాయి. గ్రంథి పెద్దదై, గీయడం గంట దాటి, ద్రవం సంచి ఎత్తుగా కట్టి ఉంటే లీటరో, రెండు లీటర్లో, ఒక్కోసారి ఇంకా ఎక్కువో చేరిపోవచ్చు. లీటరు లోపలికి పోతే సోడియం సుమారు ఐదు నుంచి ఎనిమిది దాకా పడుతుందని మా లెక్క.

ఉప్పు సరిపోయిన చారులో రెండు చెంబుల నీళ్ళు పోస్తే ఏమవుతుంది? వేసిన ఉప్పు ఎక్కడికీ పోలేదు, చారు పలచబడింది. మీ నాన్నగారి రక్తంలో ఆ రోజు జరిగింది అచ్చంగా ఇదే. రక్తం పలచబడేసరికి నీళ్ళు మెదడు కణాల్లోకి చేరతాయి, కణాలు ఉబ్బుతాయి. పుర్రె గట్టిది, ఉబ్బడానికి చోటు లేదు. అందుకే ముందు విసుగు, తలనొప్పి, వికారం. తర్వాత తికమక, మగత. ఆ తర్వాత ఫిట్స్. 125 కిందకి వచ్చేసరికి చాలామందిలో లక్షణాలు కనిపిస్తాయి, 120 దిగితే ప్రాణం మీదకి వస్తుంది. అంకె ఒక్కటే కాదు, ఎంత వేగంగా పడిందన్నది కూడా ముఖ్యం. నెలల తరబడి మెల్లగా తగ్గినవాళ్ళు 120తో నడుచుకుంటూ క్లినిక్‌కి వస్తారు, వాళ్ళ మెదడు ఆ పలచదనానికి కొంత సర్దుకుని ఉంటుంది. రెండు గంటల్లో పడినవాళ్ళకి ఆ వ్యవధి దొరకదు. గ్లైసిన్‌తో ఇంకో విచిత్రం, కొంతమందికి చూపు మసకబారుతుంది, కాసేపు అసలే కనపడదు కూడా. సాధారణంగా ఒక రోజులో తిరిగి వస్తుంది, కానీ ఆ కాసేపూ మనిషి బెంబేలెత్తిపోతాడు.

ఇది ఆపరేషన్ మొదలైన పావుగంటకే రావచ్చు, మర్నాటికి కూడా రావచ్చు. నేను మత్తు డాక్టర్ని. ఈ ఆపరేషన్‌కి మాలో ఎక్కువమంది వెన్నుకి సూదే ఎంచుకునేది ఇందుకే. నడుము కింద మొద్దుబారుతుంది, మనిషి మాత్రం మెలకువగా ఉంటాడు. పక్కన కూర్చుని కొబ్బరి దింపు ఎప్పుడు తీయించారు, దాళ్వా వరి కోతలయ్యాయా అని మాట్లాడిస్తూనే ఉంటాం. అప్పటిదాకా ఎకరానికి ఎన్ని బస్తాలో చెప్పిన మనిషి హఠాత్తుగా పొంతన లేకుండా మాట్లాడితే, ఊరికే ఆవలింతలు తీస్తుంటే, వెలుతురు తగ్గిందేమిటని అడిగితే సర్జన్‌కి చెప్పి ఆపించి రక్తం పంపిస్తాం.

ఇక్కడ నాకు బాధ కలిగించిన మాట "మత్తు దిగుతోంది" అన్నది. వెన్నుకి సూది ఇస్తే మొద్దుబారేది నడుము కిందే, తల కాదు. భయం తగ్గడానికి చిన్న నిద్ర మందు ఇచ్చి ఉండొచ్చు, దాని పని కొన్ని గంటలే. మధ్యాహ్నం తెలివిగా మాట్లాడిన మనిషి రాత్రికి భార్యని గుర్తుపట్టకపోతే దాన్ని మత్తు ఖాతాలో వేయకూడదు. సోడియం, షుగర్, ఆక్సిజన్, బీపీ, ఇవి అప్పటికప్పుడు చూడాలి. పైపులో గడ్డ అడ్డుపడి మూత్రసంచి ఉబ్బినా పెద్దవాళ్ళు ఇలాగే గొడవ చేస్తారు, అదీ చూడాలి. మీ అమ్మగారు ఆ సాయంత్రమే తేడా కనిపెట్టారు. నర్సుకి ఆయన కొత్త మనిషి, ఆమెకి నలభై ఏళ్ళుగా తెలిసిన మనిషి. ఇది చదువుతున్న మిగతావాళ్ళకి కూడా చెబుతున్నాను. మంచం పక్కన మీరు ఉన్నప్పుడు "ఈయన ఇలా మాట్లాడే మనిషి కాదండి, సోడియం ఒకసారి చూడండి" అని అడగండి. ఒకసారి అడిగితే వినకపోతే డ్యూటీ డాక్టర్ని పిలిపించి మళ్ళీ అడగండి. మొహమాటం వద్దు.

ఇక ఉప్పు. చారు ఉదాహరణలో చూశారు కదా, లోటు ఉప్పుది కాదు, నీళ్ళు ఎక్కువయ్యాయి. ఆవకాయ ముద్దలు, ఎండుచేపల పులుసు పెట్టి సోడియం పెంచుదామనుకోకండి. బీపీ పెరుగుతుంది, కాళ్ళకి నీరు దిగుతుంది. అలాగని ఇప్పుడు పెడుతున్నట్టు పూర్తిగా చప్పిడి కూడు కూడా వద్దు. కిడ్నీ నీళ్ళని బయటికి పంపాలంటే వాటితోపాటు పంపడానికి కొంత ఉప్పు, కొంత మాంసకృత్తుల నుంచి వచ్చే యూరియా కావాలి. చప్పిడి అన్నం రెండు ముద్దలు తిని ఆరు లీటర్లు తాగితే ఆ నీళ్ళు బయటికి పోయే దారి ఇరుకైపోతుంది. మామూలుగా ఇంట్లో అందరికీ వండే కూరే, ఊరగాయ లేకుండా పెట్టండి. పప్పు, గుడ్డు, చేప, పెరుగు రోజూ పడాలి. ఎంత ఉప్పు అన్నది ఆ రిపోర్టు చూసి ఆయన డాక్టరు ఖాయం చేస్తారు.

నీళ్ళు బాగా తాగమన్నది నిజానికి తప్పు సలహా కాదు. లోపల గీసిన చోట పుండు మానేటప్పుడు పక్కు ఊడుతుంది, రెండో వారంలో మళ్ళీ కొంచెం రక్తం పడటం మామూలే, పలచగా మూత్రం పోతుంటే గడ్డలు కట్టవు. కాకపోతే "బాగా" అంటే ఎంతో ఎవరూ చెప్పి పంపరు. గుండె, కిడ్నీ జబ్బులు లేని పెద్దవయసు మనిషికి మామూలు రోజుల్లో రెండు, రెండున్నర లీటర్లు చాలు, అది కూడా పగటి పూట విడతలు విడతలుగా. ఎండాకాలం తోటలో చెమటోడిస్తే ఇంకొంచెం. ఇంకో నెల రోజులు గెలలు మోయడం, ముక్కి విరేచనానికి వెళ్ళడం వద్దు. మూత్రం చిక్కగా ఎర్రగా వచ్చినా, గడ్డలు పడినా, ఆగిపోయినా వెంటనే సర్జన్ దగ్గరికి వెళ్ళాలి.

మెదడు గురించి మీ భయం నాకు అర్థమైంది. ఇక్కడే మీ అన్నయ్య అనుమానానికి కూడా జవాబుంది. ఫిట్స్ వచ్చిన మనిషికి 3 శాతం ఉప్పు సెలైన్ ఇచ్చి మొదటి గంటల్లో సోడియం నాలుగైదు అంకెలు పెంచుతారు, మెదడు వాపు తగ్గి ప్రమాదం గట్టెక్కడానికి అది సరిపోతుంది. ఆ తర్వాత మాత్రం నెమ్మదిగానే పెంచాలి. 24 గంటల్లో ఎనిమిది నుంచి పది మించకుండా చూసుకుంటారు. తొందరపడి ఒక్కరోజులో 116ని 140 చేస్తే మెదడులో నరాల మీద ఉండే పొర దెబ్బతినే ప్రమాదం ఉంది. అప్పుడు కొన్ని రోజుల తర్వాత మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం, కాళ్ళూ చేతులూ పడిపోవడం జరుగుతాయి. సోడియం రోజుల తరబడి తక్కువగా ఉన్నవాళ్ళకి, మద్యం అలవాటున్నవాళ్ళకి, తిండి సరిగా లేనివాళ్ళకి ఈ ముప్పు ఎక్కువ. ఆపరేషన్‌లో గంటల్లో పడినవాళ్ళకి తక్కువే, అయినా ఎవరూ ఆ సాహసం చేయరు. కాబట్టి ఆ రెండు రోజులూ నాలుగు, ఆరు గంటలకోసారి రక్తం తీసి చూస్తూ మెల్లగా పెంచడం బిల్లు కోసం కాదు, అదే సరైన వైద్యం. ఐసీయూలో ఆ పని చేసినవాళ్ళ మీద కోపం పెట్టుకోకండి.

రెండు వారాలు గడిచాయి, మాట స్పష్టంగా ఉంది, నడుస్తున్నారు, మనుషుల్ని గుర్తుపడుతున్నారంటే ఆ రాత్రి దెబ్బ మిగిలిపోలేదనే నమ్మకంగా చెప్పొచ్చు. ఒక్కసారి సోడియం వల్ల ఫిట్స్ వచ్చినంత మాత్రాన జీవితాంతం ఫిట్స్ మాత్రలు వాడాల్సిన పని సాధారణంగా ఉండదు. డిశ్చార్జ్‌లో రాసి ఉంటే ఎన్నాళ్ళు వాడాలో అడగండి.

తప్పు ఎవరిది? అమ్మా, సోడియం పడటం ఈ ఆపరేషన్‌కి ఎప్పటినుంచో తెలిసిన చిక్కు. జాగ్రత్తగా చేసే చేతుల్లోనూ అప్పుడప్పుడు వస్తుంది. అది వచ్చినందుకే డాక్టర్ని దోషి అనలేను. కానీ సాయంత్రం మొదలైన తికమకకి రాత్రి ఫిట్స్ వచ్చేదాకా రక్తపరీక్ష ఎందుకు చేయలేదని అడిగే హక్కు మీకుంది. అది న్యాయమైన ప్రశ్న. కంప్లైంట్ కాగితం రాసేముందు మీ అన్నయ్యని తీసుకుని సర్జన్ దగ్గరికి వెళ్ళి కూర్చోండి. ఏ ద్రవం వాడారు, ఎంతసేపు గీశారు, ఎంత బరువు తీశారు, ఆపరేషన్‌కి ముందు సోడియం ఎంత ఉంది, వార్డులో ఎప్పుడు ఏం రాసిపెట్టారు, ఇవి అడిగి డిశ్చార్జ్ సమ్మరీతో పాటు కేస్ షీట్ కాపీ తీసుకోండి. రోగికి అవి ఇవ్వాలి. జవాబులు విన్న తర్వాత కూడా మనసు ఒప్పుకోకపోతే అప్పుడు మీ అన్నయ్య ఇష్టం, నేను వద్దనను.

మీ బాబాయిగారి విషయం. గ్రంథి 90 గ్రాములు అన్న అంకె ఒక్కటే చూసి ఆపరేషన్ చేయరు. మూత్రం ఆగిపోవడం, మాటిమాటికి ఇన్ఫెక్షన్, రాళ్ళు, రక్తం పడటం, కిడ్నీలు ఉబ్బడం, లేదా మందులు వాడినా రాత్రంతా నిద్ర లేకపోవడం, వీటిలో ఏదో ఒకటి ఉండాలి. అవేవీ లేకపోతే మందులతో ఇంకొన్నాళ్ళు చూడొచ్చు. ఉంటే మాత్రం మీ నాన్నగారికి ఇలా అయిందని భయపడి ఆయన్ని ఆపకండి. మూత్రం ఆగి ఆగి కిడ్నీలు పోయినవాళ్ళని ఈ డెల్టాలో చాలామందిని చూశాను, వాళ్ళలో ఎక్కువమంది ఆపరేషన్ అంటే భయపడి వాయిదా వేసినవాళ్ళే.

ఆయనకి అంత పెద్ద గ్రంథిని ఉప్పు లేని ద్రవంతో గంటకి పైగా గీయడం నాకు ఇష్టం లేదు. బైపోలార్ మిషన్ గానీ, హోల్మియం లేజర్ గానీ ఉన్నచోటికి వెళ్ళమనండి. రెండిట్లోనూ మామూలు సెలైనే పారుతుంది కాబట్టి సోడియం ఇలా పడదు. పెద్ద గ్రంథులకి లేజర్ బాగా సరిపోతుంది. మీకు దగ్గరలో లేకపోతే కాకినాడ, రాజమండ్రి, భీమవరం వైపు యూరాలజిస్టులని ఫోన్ చేసి కనుక్కోండి, వెళ్ళి తిరగక్కర్లేదు. అడగాల్సిన మాట ఒకటే, "ఏ మిషన్‌తో చేస్తారు, ఏ ద్రవం వాడతారు?" దీనికి విసుక్కోకుండా జవాబు చెప్పే సర్జన్ దగ్గర చేయించుకోమనండి. సెలైన్ వాడినా అది ఒంట్లోకి ఎక్కువ చేరితే గుండె మీద బరువు పడుతుంది, ఆయాసం రావచ్చు. ఆయనకి స్టెంట్ ఉంది కాబట్టి ఆపరేషన్‌కి ముందు గుండె డాక్టరు చూడాలి. స్టెంట్ కోసం వాడుతున్న రక్తం పలచబరిచే మాత్రలు ఎప్పుడు ఆపాలో, అసలు ఆపాలో వద్దో ఆ గుండె డాక్టరే చెప్పాలి. ఆపరేషన్ అనగానే ఇంట్లో వాళ్ళే ఆ మాత్రలు ఆపేయడం చూస్తుంటాం, స్టెంట్ మూసుకుపోతే అది సోడియం కంటే పెద్ద ఆపద.

ఆపరేషన్‌కి ముందు ఆయన సోడియం ఎంత ఉందో కూడా చూడమని అడగండి. ముందే 132తో బల్ల ఎక్కిన మనిషికి కింద పడటానికి ఎంతో దూరం ఉండదు. కారణం కనుక్కుని సరిచేసి అప్పుడు చేస్తారు, ఒకటి రెండు వారాలు ఆగినా ఏమీ కాదు. ఆపరేషన్ రోజు రాత్రి పక్కన ఉండేది ఆయన మాట తీరు బాగా తెలిసిన మనిషై ఉండాలి, మీ పిన్నిగారైతే మంచిది. ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు మీ నాన్నగారి కేస్ షీట్ కాపీ కూడా పట్టుకెళ్ళండి, మత్తు డాక్టరుకి చూపిస్తే మీ నాన్నగారికి ఏం జరిగిందో ఆయనకి తెలుస్తుంది. అవన్నీ తర్వాత. ముందు మీ నాన్నగారి సోడియం రిపోర్టు, అది వచ్చాక నాకు ఇంకో ఉత్తరం రాయండి.